‘వాని జీతం’: రక్షణ శాఖకు, తెలుగు ఎంపీలకు ఒక మాజీ హవల్దార్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి, ఆ శాఖలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగం అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ప్రాతినిధ్యం వహిస్తున్న 42 మంది లోక్‌సభ సభ్యులకు, 18 మంది రాజ్యసభ సభ్యులకు నమస్కరించి రాయునది.

నేను 17 ఏళ్లు సైన్యంలో పనిచేసి హవల్దార్‌గా విరమణ పొందినవాణ్ని. మాది శ్రీ సత్యసాయి జిల్లా. సర్వీసు అయిపోయాక ఊరు చేరుకున్నాను. చుట్టుపక్కల పల్లెల్లోని మాజీ సైనికులకు, కొడుకునో భర్తనో పోగొట్టుకున్న ఆడవాళ్లకు పింఛను కాగితాలు నింపిపెట్టడం, బ్యాంకు దాకా తోడు వెళ్లడం నాకు అలవాటైన పని. ఇప్పుడు రాస్తున్న విషయం మీదనే ఇంతకు ముందు రెండు వినతిపత్రాలు పంపుకున్నాను. మొదటిదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక్క వాక్యంతో జవాబు వచ్చింది. రెండోదానికి ఆ వాక్యం కూడా రాలేదు. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో వెతుక్కునే ఓపిక నాకు లేదు కనుక, నలుగురూ చదివేటట్టు ఈ లేఖ రాస్తున్నాను.

విషయం మా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ మురళీ నాయక్‌ది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపడం, మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలవడం, ఆ వెంటనే నియంత్రణ రేఖ పొడవునా పాకిస్తాన్ ఫిరంగులు విరుచుకుపడడం మీకు నేను చెప్పవలసిన సంగతులు కావు. మే 10 సాయంత్రానికి కాల్పులు ఆగిపోయాయి. అంతకు ఒక్కరోజు ముందు, మే 9న, జమ్మూ కశ్మీర్ సరిహద్దులో శత్రువు కాల్పులకు మురళీ నాయక్ ప్రాణం విడిచాడు. 2022లో అగ్నివీర్‌గా, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల సర్వీసుకు, సైన్యంలో చేరిన పిల్లవాడు. తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. కరువు సీమలో బతుకు సాగక ముంబైకి కూలికి వెళ్లిన లంబాడీ కుటుంబం వాళ్లది.

మే 11న అంత్యక్రియల నాడు ఆ తండా జనంతో నిండిపోయింది. ఆ జనంలో నేనూ ఉన్నాను. మూడు రంగుల జెండా కప్పిన పెట్టె, గాల్లోకి పేల్చిన తుపాకులు, మంత్రులు, కెమెరాలు, అన్నీ చూశాను. లోపం ఏమీ జరగలేదు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి, చెబుతున్నాను. కేంద్రం తరఫున అగ్నివీర్‌కు రావలసిన బీమా 48 లక్షలు, విధి నిర్వహణలో మరణించినవారికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా 44 లక్షలు, నాలుగేళ్లలో మిగిలిన కాలానికి జీతం, సేవానిధి మొత్తం (జీతంలో పట్టుకున్నదానికి ప్రభుత్వం వాటా కలిపి ఇచ్చేది) నిబంధనల్లో ఉన్నాయి. వాటి మీద కూడా నా ఫిర్యాదు ఏమీ లేదు.

నిబంధనల్లో లేనిది ఒక్కటే. పింఛను.

ఒకే మోర్చాలో, ఒకే ఇసుక బస్తాల వెనక, ఇద్దరు కుర్రాళ్లు పక్కపక్కన కూర్చుని ఉన్నారనుకోండి. ఒకడు రెగ్యులర్ సిపాయి, రెండోవాడు అగ్నివీర్. ఒకే ఫిరంగి గుండుకు ఇద్దరూ పోయారు. ఇద్దరి మీదా ఒకే జెండా కప్పుతారు, ఇద్దరికీ ఒకే బిగుల్ మోగుతుంది. ఆ సిపాయికి పెళ్లయి ఉంటే అతని భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అంటే చివరగా అతడు అందుకున్న మూల వేతనం, మిలిటరీ సర్వీస్ పే కలిపిన మొత్తానికి సమానమైన పింఛను. పెళ్లికాని పిల్లవాడైతే తల్లిదండ్రులకు అందులో నిర్ణీత భాగం వస్తుంది. ఏడో వేతన సంఘం లెక్కన సిపాయి మూల వేతనం 21,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. సర్వీస్ పే 5,200 కలిపితే 26,900. దానిపైన కరువు భత్యం. 2025 జనవరిలో అది 55 శాతం కనుక అప్పటి లెక్క 41,695 రూపాయలకు చేరింది. ఏటా రెండుసార్లు ఆ భత్యం పెరుగుతుంది, వేతన సంఘం వచ్చినప్పుడల్లా పింఛను మళ్లీ సవరిస్తారు. దానితో పాటు మాజీ సైనికుల కుటుంబాలకిచ్చే ఈసీహెచ్ఎస్ వైద్యం, సరుకులు తక్కువ ధరకు కొనుక్కునే సైనిక క్యాంటీన్ కార్డు ఉంటాయి. అగ్నివీర్ ఇంటికి ఇవేవీ రావు. పరిహారం అందిన నెలలోనే సైన్యంతో ఆ ఇంటికి ఉన్న లెక్క ముగిసిపోతుంది.

ఈ మాట నేను అన్నప్పుడు బ్యాంకులో పనిచేసే మిత్రుడొకడు నాతో వాదానికి దిగాడు. కోటి రూపాయలు డిపాజిట్ చేసుకుంటే నెలకు 50 వేలకు పైగా వడ్డీ వస్తుంది కదా, మీ సిపాయి పింఛను కంటే అదే ఎక్కువ కదా అన్నాడు. లెక్క తప్పు కాదు. అయితే అతడు మరిచిపోయింది ఒకటుంది. బీమా గానీ, కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా గానీ రెగ్యులర్ సిపాయి కుటుంబానికీ ఉన్నాయి. ఏకమొత్తం సొమ్ము ఇద్దరి ఇళ్లకూ వెళుతుంది, పింఛను ఒక ఇంటికే వెళుతుంది. రెగ్యులర్ జవాను తన బీమాకు జీతంలోంచి వాటా కడతాడు, అగ్నివీర్ సొంతంగా ఏమీ కట్టనక్కర్లేదు. ఆ మేరకు అగ్నివీర్‌కు మేలే జరిగిందని ఒప్పుకుంటాను. కానీ ఆ మేలును పింఛనుతో తూచగలమా?

ఏకమొత్తం సొమ్ము పల్లెటూరి ఇంట్లో ఎన్నాళ్లుంటుందో నాకు దగ్గరగా తెలుసు. నాతో పాటు ఒకే భర్తీలో చేరిన మిత్రుడొకడు 1999లో కార్గిల్‌లో పోయాడు. ఆ యుద్ధంలో దేశం కోల్పోయిన 527 మందిలో వాడొకడు. పెళ్లి కాలేదు. వాడి పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్లమ్మ వద్దంది. మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆవిడ, నేను పెద్దమ్మ అంటాను. అప్పట్లో వచ్చిన సొమ్ములో కొంత కూతురి పెళ్లికి పోయింది. బోరు వేయిస్తే 400 అడుగులు దిగినా దుమ్మే లేచింది. రెండో బోరులో నీళ్లు పడ్డాయి గానీ ఏడాది తిరక్కుండానే ఎండిపోయాయి. మిగిలినదాన్ని దగ్గరి చుట్టమొకడు చేబదులు అని తీసుకుని, ఆ తర్వాత ఆ వీధిలో నడవడం మానేశాడు. మా సీమలో ఇది ఎవరి తెలివితక్కువా కాదు. చేతిలో డబ్బుందని తెలిశాక భూమి అడుగుతుంది, బిడ్డలు అడుగుతారు, బంధువులు అడుగుతారు. కాదనడానికి కొడుకు పోయిన తల్లికి నోరు రాదు. మూడేళ్లలో ఆ సొమ్ము కరిగిపోయింది. వేరుశనగ పంట పోయిన ఏళ్లన్నీ, పెదనాయన మంచాన పడ్డ రెండేళ్లూ, మనవడి చదువూ, ఆవిడ కంటి శుక్లాల ఆపరేషనూ, అన్నీ దాటించింది పింఛనే.

ఏటా నవంబరులో ఆవిడను లైఫ్ సర్టిఫికెట్ కోసం నా బండి మీద తీసుకెళతాను. బతికి ఉన్నట్టు ఏడాదికోసారి రుజువు చూపించకపోతే పింఛను ఆగిపోతుంది. మీసేవలోని పిల్లవాడు వేలిముద్రల పెట్టె ముందుకు జరుపుతాడు. కలుపు తీసి, కాయలు ఒలిచి అరిగిపోయిన వేళ్లు ఆవిడవి. యంత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. వాడు తడిగుడ్డతో బొటనవేలు తుడుస్తాడు, కొంగుతో ఆవిడ మళ్లీ తుడుచుకుంటుంది, ఆ వేలు కాదని ఈ వేలు, ఈ చెయ్యి కాదని ఆ చెయ్యి. ఆఖరికి పచ్చ దీపం వెలుగుతుంది. అప్పుడు ఆవిడ ప్రతి ఏడూ అడిగే మాటే అడుగుతుంది: “అయితే వాని జీతం ఆగదు కదా నాయనా?”

పింఛను అనదు. ఎన్నిసార్లు చెప్పినా అనదు. వాని జీతం అంటుంది. నెలాఖరున ఫోనులో మెసేజ్ మోగితే మనవడిని పిలిచి “వాని జీతం పడిందేమో చూడు” అంటుంది. పాతికేళ్లుగా కొడుకు ఇంటికి డబ్బు పంపుతూనే ఉన్నాడు ఆవిడ లెక్కలో. ఊరి మొగలో వాడి విగ్రహం కూడా ఉంది. దాని మెడలో దండ జనవరి 26కు ఒకటి, ఆగస్టు 15కు ఒకటి మారుతుంది, మధ్యలో ఎండిపోయి వేలాడుతుంటుంది. విగ్రహం పెట్టడం తప్పని నేననను. కానీ ఆ తల్లిని నెలకోసారి తలుచుకున్నది ఆ మెసేజ్ ఒక్కటే.

కల్లితండాలో ఆ మెసేజ్ మోగదు. నేను మీ ముందు పెడుతున్న ఫిర్యాదు ఇదే.

ఒక మాట స్పష్టం చేస్తాను. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం మంచిదా కాదా అనే చర్చలోకి నేను దిగడం లేదు. సైన్యం సగటు వయసు తగ్గాలన్న మాటలో అర్థముంది. కొండ ఎక్కేటప్పుడు ముప్పై దాటిన మోకాలు ఏమంటుందో ఎక్కినవాడిగా నాకు తెలుసు. పథకం చెల్లుతుందని ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. నాలుగేళ్లు పనిచేసి బతికి ఇంటికి వచ్చినవాడికి పింఛను లేదంటే అది విధానం, దాని మీద వాదించేవాళ్లు వేరే ఉన్నారు. ఇంటికి రానివాడి సంగతే నేను అడుగుతున్నది. యుద్ధంలో చనిపోయినవాడికి ‘నాలుగేళ్ల ఉద్యోగి’ అనే వర్ణన ఎలా అతుకుతుంది? అతడు సర్వీసు పూర్తి చేశాడు. ఇక చేయవలసినది ఏమీ మిగల్చలేదు.

చేరేటప్పుడే షరతులు చదివి సంతకం పెట్టారు కదా అని మీ శాఖ వారు అనవచ్చు. పెట్టారు. ఆ సంతకంతోనే వాళ్లు 1950 నాటి సైనిక చట్టం కిందికి వచ్చారు. నేల మీద, నీటి మీద, గాలిలో ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. సెంట్రీ డ్యూటీలో నిద్రపోతే అగ్నివీర్‌కు శిక్ష తగ్గదు. పోస్టు వదిలి పారిపోతే కోర్టు మార్షల్ అతనికీ ఉంటుంది. శిక్షకు ఒక్కటే చట్టమైనప్పుడు చావుకు రెండు నిబంధనలు ఎందుకుండాలి?

జనం అమరుడంటారు, మేము షహీద్ అంటాం, సైన్యం కాగితాల్లో ఆ మాట ఉండదు. ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’ అని ఉంటుంది. నాకు ఆ పొడి మాటే ఇష్టం. ఆ మాటకు విలువ ఉంది, దాని వెంట హక్కులు నడుస్తాయి. గల్వాన్‌లో 2020 జూన్ 15న పోరాడుతూ మరణించిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారిని తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు ఇచ్చింది, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగమిచ్చింది, దేశం మహావీర చక్ర ఇచ్చింది. అది సబబు. అయితే ఆ రోజు ఆయనతో పాటు పోయిన 19 మందిలో మామూలు సిపాయిలు కూడా ఉన్నారు. హోదాను బట్టి పింఛను మొత్తం మారుతుంది గానీ పింఛను హక్కులో కల్నల్‌కూ సిపాయికీ తేడా లేదు. ఇప్పుడు సిపాయి కంటే కింద ఇంకొక మెట్టు కట్టి, ఆ మెట్టు మీద ఉన్నవాడికి హక్కే లేదన్నారు.

ఈ తేడా వల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో, జరగబోతోందో కింద రాస్తున్నాను.

1. అగ్నివీరులుగా చేరేవారిలో మా వైపు పిల్లలు ఎక్కువగా తండాల నుంచి, మెట్ట పల్లెల నుంచి వస్తున్నారు. తండ్రి కూలి చేస్తాడు లేదా రెండు మూడెకరాల వర్షాధారం భూమి ఉంటుంది. ఉద్యోగి అయిన తండ్రికి తన పింఛనో పీఎఫ్‌వో ఉంటుంది. ఈ ఇళ్లలో ముసలితనానికి కొడుకే ఆధారం. ఆ ఆధారాన్ని దేశం కోసం తీసుకున్నప్పుడు దేశం దాని స్థానంలో నిలబడాలి. ఒక్కసారి చేతిలో పెట్టిన సొమ్ము ఆ స్థానంలో నిలబడదని పైన పెద్దమ్మ సంగతిలో చెప్పాను.

2. అగ్నివీర్ మొదటి ఏడాది జీతం 30,000. అందులో 30 శాతం సేవానిధికి పట్టుకుంటారు, చేతికి 21,000 వస్తుంది. రెండో ఏడు 23,100. ఇందులోంచి ఇంటికి పంపుతాడు. కొడుకు చనిపోయిన నెల నుంచి ఆ మనియార్డరు ఆగుతుంది. పరిహారం చేతికి రావడానికి ముందు వారసత్వ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో ఇంటిపేరు సరిపోకపోవడం, పోలీసు వెరిఫికేషన్ ఇవన్నీ ఉంటాయి. 2024 జనవరిలో మందుపాతర పేలి మరణించిన పంజాబ్ అగ్నివీర్ కుటుంబానికి జూలై నాటికి 98.39 లక్షలు అందాయనీ, దాదాపు 67 లక్షలు పోలీసు వెరిఫికేషన్ అయ్యాక ఇస్తామనీ సైన్యమే చెప్పింది. ఇస్తున్నారు, కాదనను. కానీ సొమ్ము చేతికి అందేదాకా అలాంటి ఇంటి పొయ్యి దేనితో వెలుగుతుంది?

3. బతికి, కాలో చూపో పోగొట్టుకుని వచ్చినవాడి పరిస్థితి ఇంకా కష్టం. వైకల్యం 100 శాతమైతే 44 లక్షలు, 75 శాతమైతే 25 లక్షలు, 50 శాతమైతే 15 లక్షలు ఎక్స్‌గ్రేషియా ఇస్తారు, పింఛను మాత్రం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో కాలు పోయినవాడు మరో యాభై ఏళ్లు బతకాలి. కృత్రిమ కాలు కొన్నేళ్లకోసారి మార్చాలి. రెగ్యులర్ జవానుకైతే యుద్ధ గాయం పింఛను జీవితాంతం వస్తుంది. ఈ కుర్రవాడికి పిల్లనెవరిస్తారు, తల్లిదండ్రుల తరువాత ఎవరు చూస్తారు అన్నది ఫైళ్లలో కనిపించని ప్రశ్న.

4. యుద్ధం జరిగినప్పుడు చనిపోయినవాడి ఇంటికి మంత్రులు వస్తారు. మామూలు రోజుల్లో పోయినవాడి ఇంటికి తహసీల్దారు వస్తే గొప్ప. 2023 అక్టోబరులో సియాచిన్‌లో మహారాష్ట్ర అగ్నివీర్ ఒకడు ప్రాణాలు కోల్పోయాడు. 2024 అక్టోబరులో నాసిక్ దగ్గర ఫిరంగి శిక్షణలో గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు పోయారు. రాష్ట్రాలిచ్చే సాయం ఒక్కో చోట ఒక్కో రకం. ఆ వారం వార్తల్లో ఏముందన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది. కేంద్రం హామీ ఇవ్వనంత కాలం చచ్చిపోయినవాడి విలువను టీవీ నిర్ణయిస్తుంది.

5. ఇక సైన్యానికే జరిగే నష్టం. మా కాలంలో కొడుకు ఫౌజులోకి పోతానంటే తల్లి ఏడ్చేది, తండ్రి మాత్రం ‘ఏదైనా అయితే సర్కారు చూసుకుంటుందిలే’ అని ఆమెను ఒప్పించేవాడు. ఆ ఒక్క మాట మీద తరాల పాటు భర్తీ జరిగింది. ఇప్పుడు భర్తీ ర్యాలీకి పిల్లల్ని తయారుచేసే నేను ఆ మాట చెప్పలేకపోతున్నాను. అబద్ధం చెప్పి పంపలేను.

ఖజానా మీద భారం అన్న వాదనకు కూడా జవాబు చెప్పాలి. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు. భారం నిజమే, పింఛను తీసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. అయితే ఆ భారం లక్షల మంది విరమణ చేసినవారి వల్ల వచ్చింది. విధి నిర్వహణలో చనిపోయిన అగ్నివీరులు లక్షల్లో ఉండరు. ఉండకూడదనే అందరం కోరుకుంటాం. అంత కొద్దిమందికి ఇచ్చే పింఛనుతో పథకం లక్ష్యమేదీ చెడిపోదు.

ఇది నా ఒక్కడి గొంతెమ్మ కోరిక కూడా కాదు. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీర్ కుటుంబానికి సాధారణ సైనికుడి కుటుంబానికి ఇచ్చే ప్రయోజనాలే ఇవ్వాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024లోనే సిఫారసు చేసింది. ఆ సంఘంలో అధికార, ప్రతిపక్ష సభ్యులు ఇద్దరూ ఉంటారు. మురళీ నాయక్ తల్లి సమాన పింఛను కోరుతూ బొంబాయి హైకోర్టు తలుపు తట్టింది. కోర్టు ఏం చెబుతుందో కోర్టుకే వదిలేద్దాం. కానీ కొడుకును ఇచ్చిన తల్లి, కొడుకు సైనికుడేనని రుజువు చేసుకోవడానికి వకీలును పెట్టుకోవలసి రావడం నాకు సిగ్గుగా అనిపించింది. నిబంధన రాసినవారు మీరు. సవరించడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది.

1. శత్రు చర్యలోనో, విధి నిర్వహణలోనో, శిక్షణలోనో మరణించిన ప్రతి అగ్నివీర్ కుటుంబానికి రెగ్యులర్ సిపాయి కుటుంబానికి వర్తించే పింఛను నిబంధనలే వర్తింపజేస్తూ ఉత్తర్వులు ఇవ్వాలి. పథకం మొదలైన నాటి నుంచి అవి అమలు కావాలి; లేకపోతే మురళీ నాయక్ పేరు చెప్పి వచ్చిన మార్పు మురళీ నాయక్ ఇంటికే అందకుండా పోతుంది.

2. యుద్ధంలోనో విధుల్లోనో వికలాంగులైన అగ్నివీరులకు జీవితాంత పింఛను, ఈసీహెచ్ఎస్ వైద్యం ఇవ్వాలి.

3. మరణించిన అగ్నివీర్ తల్లిదండ్రులకు, భార్యాపిల్లలకు ఈసీహెచ్ఎస్, క్యాంటీన్ కార్డులు ఇవ్వాలి. ఇది చిన్న కోరికలా కనిపిస్తుంది. బీపీ మాత్రలు ప్రతి నెలా కొనుక్కునేవాళ్లకు చిన్నది కాదు.

4. పరిహారం కాగితాలు పూర్తయ్యేదాకా, అగ్నివీర్ చేతికి వచ్చే నెల జీతాన్ని కుటుంబ ఖాతాలో ఆపకుండా వేయాలి. తర్వాత సర్దుబాటు చేసుకోవచ్చు.

5. తెలుగు రాష్ట్రాల ఎంపీలకు ప్రత్యేకంగా: మీలో కల్లితండాకు వచ్చినవారున్నారు, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి మాట ఇచ్చినవారున్నారు. పార్టీ ఏదైనా సరే, స్థాయీ సంఘం సిఫారసు మీద ఏ నిర్ణయం తీసుకున్నారు, తీసుకోకపోతే ఎందుకు అని సభలో ఒక లిఖితపూర్వక ప్రశ్న వేయండి. 60 మందిలో ఒక్కరు వేసినా జవాబు సభా రికార్డుల్లోకి ఎక్కుతుంది. నా వినతిపత్రాలకు రాని జవాబు మీ ప్రశ్నకైతే రాక తప్పదు.

నేను కోరినవాటిలో ఏది సాధ్యం కాదో, ఎందుకు సాధ్యం కాదో రాసినా చాలు. దాన్ని చదివి వినిపించవలసిన ఇళ్లు మా జిల్లాలో ఉన్నాయి. ఈ నవంబరులో పెద్దమ్మను మళ్లీ మీసేవకు తీసుకెళ్లాలి. కిందటేడు వరుసలో కూర్చున్నప్పుడు ఆవిడ కల్లితండా అబ్బాయి గురించి విని, “వాళ్లమ్మ ఎప్పుడొస్తుంది ఇక్కడికి వేలిముద్ర వేయడానికి?” అని అడిగింది. నేను పక్కకు తిరిగి ఫారం నింపుతున్నట్టు నటించాను. ఈసారి ఆ ప్రశ్నకు మీరు నాకొక జవాబు ఇప్పించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక మాజీ హవల్దార్,
శ్రీ సత్యసాయి జిల్లా.